చూపు రోడ్డు మీదే ఉండాలి: డ్రైవింగ్‌లో వినడానికి, మెసేజ్‌లకు ఏ యాప్‌లు పెట్టుకోవాలి?

కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నంబరు హైవే మీద దాదాపు 150 కిలోమీటర్లు. డోన్, గుత్తి మీదుగా రెండున్నర గంటల దారి. ఆ రెండున్నర గంటలూ ఫోన్ ఊరికే ఉండదు. ఇంట్లోంచి "యాడున్నావ్?", మండీ నుంచి ఈరోజు రేటు, పిల్లల స్కూలు గ్రూపులో ఫీజు సంగతి, చుట్టాల గ్రూపులో పూల బొమ్మల గుడ్ మార్నింగ్‌లు, టింగు టింగుమంటూనే ఉంటుంది. పక్కన మాట్లాడే మనిషి లేకపోతే ఏదో ఒకటి వినకుండా దారి సాగదు కూడా.

ప్లే స్టోర్‌లో డ్రైవింగ్ అని కొడితే యాప్‌లు కుప్పలుగా వస్తాయి. వాటిని వడకట్టడానికి నేను చూసేది ఒక్కటే: బండి కదులుతుంటే ఈ యాప్ నా కళ్లతో పని చెప్తుందా? చెప్తే వద్దు. దానికి ఎన్ని స్టార్లు ఉన్నా, ఎంతమంది మెచ్చుకున్నా వద్దు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. మెసేజ్ తెరిచి చదవడానికి ఐదు సెకన్లు పట్టిందనుకోండి, 110 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. మన హైవే మీద ఆ 110 మీటర్లలో గొర్రెల మంద అడ్డం రావచ్చు, రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ ఎదురు రావచ్చు, డివైడర్ సందులోంచి బైకు దూరి రావచ్చు.

కింద చెప్పేది ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్ల గురించి. సెట్టింగుల పేర్లు ఫోన్ కంపెనీని బట్టి కాస్త మారుతుంటాయి. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైన ఉండే సెర్చ్ గడిలో ఆ పేరు కొట్టి వెతకండి.

ముందు బండిలో ఏముందో చూడండి

యాప్ ఎంచుకోవడం ఫోన్ దగ్గర మొదలు కాదు, బండి దగ్గర మొదలవుతుంది.

కారులో టచ్ స్క్రీన్ ఉండి, అందులో ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాప్, పాటలు, మెసేజ్‌లను కారు స్క్రీన్ మీదికి తెచ్చే గూగుల్ ఏర్పాటు) ఉంటే సగం పని అయిపోయినట్టే. ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో ఇది ముందే ఉంటుంది, వేరే వేసుకోనక్కర్లేదు. ఐఫోన్ వాళ్లకు ఇదే పని కార్‌ప్లే చేస్తుంది. మొదటిసారి వైరుతో కలపండి. కలవకపోతే కారును, ఫోన్‌ను తిట్టుకునే ముందు కేబుల్ మార్చి చూడండి. బయట చవగ్గా దొరికే కేబుళ్లు చాలావరకు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, డేటా పోదు. షాపులో "డేటా కేబుల్ కావాలి" అని అడిగి తీసుకోండి. ఒకప్పుడు కారులో స్క్రీన్ లేకపోయినా ఆండ్రాయిడ్ ఆటోను ఫోన్ స్క్రీన్ మీదే నడిపే వీలుండేది. దాన్ని గూగుల్ తీసేసింది. పాత వీడియోలు చూసి దానికోసం వెతకొద్దు.

స్క్రీన్ లేదు, బ్లూటూత్ మాత్రమే ఉంది అంటే కాల్స్, పాటలు రెండూ స్పీకర్లలో వస్తాయి. మెసేజ్‌లు చదివించుకోవడానికి మాత్రం ఫోన్‌లో ఇంకో ఏర్పాటు కావాలి, దాని సంగతి కింద చెప్తాను.

పాత బొలెరో పికప్, టాటా ఏస్ లాంటి వాటిలో బ్లూటూత్ కూడా ఉండదు. ఆక్స్ రంధ్రం (ఇయర్‌ఫోన్ పిన్ను పట్టేలాంటిది) ఉంటే ఒక వైరుతో సరి. అదీ లేక ఎఫ్ఎం రేడియో ఒక్కటే ఉంటే, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే బ్లూటూత్ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొనుక్కోండి. రేడియోలో స్టేషన్ ఏదీ రాని నంబరు వెతికి, ట్రాన్స్‌మిటర్‌లోనూ అదే నంబరు పెట్టాలి. కర్నూలులో ఖాళీగా ఉన్న నంబరు మీద అనంతపురం చేరేసరికి ఇంకో స్టేషన్ కూర్చుని ఉండొచ్చు. అందుకని రెండు నంబర్లు ముందే చూసి పెట్టుకోండి. దారిలో వెతుక్కుంటే మళ్లీ కళ్లకు పని.

బైకు మీద పోయేవాళ్లకు నేను చెప్పేది చిన్న మాట. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వినొద్దు. వెనక లారీ హారన్ వినబడదు. మ్యాప్ దారి చెప్పే గొంతు వరకు ఒక చెవిలో పెట్టుకోండి, మిగతాదంతా దిగాక.

ఫోన్ ఎక్కడ పెడతారు?

యాప్‌ల గురించి రాస్తూ ఇదేంటి అనుకోవచ్చు. మన ఎండలకు ఇది చూసుకోకపోతే ఏ యాప్ పెట్టుకున్నా దండగే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడపల్లో 40 డిగ్రీలు దాటడం మామూలు సంగతి. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వేడిలో వాడాలని దాన్ని చేసిన కంపెనీయే చెప్తుంది. అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద, ఎండ నేరుగా పడేచోట ఛార్జింగ్ పెట్టి మ్యాప్ నడిపితే ఫోన్ కాలిపోతుంటుంది. ముందు వెలుతురు తగ్గుతుంది, తర్వాత ఛార్జింగ్ ఆగుతుంది, చివరికి ఫోనే ఆగిపోతుంది. అద్దానికి అంటించే రబ్బరు కప్పు స్టాండ్లు కూడా ఈ వేడికి పట్టు వదిలేస్తాయి. నడిపేటప్పుడు అది ఊడి బ్రేకు పెడల్ దగ్గర పడితే చాలా ప్రమాదం. ఏసీ గాలి వచ్చే సందుకు తగిలించే స్టాండ్ తీసుకోండి. ఫోన్ చల్లగా ఉంటుంది, చూపుకు అడ్డం రాదు.

ఆ తర్వాత ఫోన్ నోరు మూయించండి

మెసేజ్‌లు చదివి వినిపించే యాప్ వేసుకునే ముందు, ఏ మెసేజ్‌లు వినక్కర్లేదో తేల్చుకోవాలి. ఇది చేయకుండా ఆ యాప్ వేసుకున్నారా, గుత్తి వచ్చేసరికి ముప్పై మంది శుభోదయాలు విని విసుగొచ్చి దాన్ని తీసేస్తారు.

వాట్సాప్‌లో ఒక్కో గ్రూపు తెరిచి మ్యూట్ చేయండి. 8 గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు రకాలు ఉంటాయి. చుట్టాల గ్రూపుకు, టెన్త్ క్లాస్ బ్యాచ్ గ్రూపుకు "ఎప్పటికీ" పెట్టేయండి. మ్యూట్ చేసిన సంగతి వాళ్లకు తెలియదు, ఎవరూ నొచ్చుకోరు.

తర్వాత డు నాట్ డిస్టర్బ్, అంటే ఫోన్ చప్పుళ్లన్నీ ఆపే సెట్టింగు. అందులో రెండు మినహాయింపులు పెట్టుకోండి. ఒకటి, కాంటాక్టుల్లో స్టార్ పెట్టిన నంబర్లు: ఇంట్లోవాళ్లు, బండి ఓనరు, సరుకు దింపుకునే పార్టీ. రెండోది, రిపీట్ కాలర్స్. ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే అది మోగుతుంది. నిజంగా అవసరం ఉన్నవాళ్లు ఎలాగూ రెండోసారి చేస్తారు. అర్జెంటు అయితే వెంటనే ఇంకోసారి కొట్టమని ఇంట్లో చెప్పి ఉంచండి చాలు.

సామ్‌సంగ్ ఫోన్ అయితే మోడ్స్ అండ్ రొటీన్స్‌లో డ్రైవింగ్ మోడ్ ఉంటుంది. కారు బ్లూటూత్ తగలగానే అదే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో ఫోకస్ కింద డ్రైవింగ్ ఉంటుంది. మెసేజ్ పంపినవాళ్లకు బండి నడుపుతున్నారని అదే జవాబు పెడుతుంది. అయితే ఆ జవాబు మామూలు మెసేజ్‌లకే, వాట్సాప్‌కు పోదు.

మెసేజ్‌లు చదివించుకోవడం

మన భాషకు అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ముందు ఫోన్‌కు తెలుగు గొంతు కావాలి. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ అని వెతకండి. ఇంజిన్‌గా గూగుల్ స్పీచ్ సర్వీసెస్ ఎంచుకుని, వాయిస్ డేటాలో తెలుగు డౌన్‌లోడ్ చేయండి. ఒకసారి దిగిందంటే సిగ్నల్ లేనిచోట కూడా చదువుతుంది. అక్కడే ఉన్న ప్లే బటన్ నొక్కి విని చూడండి. వేగం ఎక్కువనిపిస్తే తగ్గించండి. రోడ్డు హోరులో నిదానంగా చదివితేనే అర్థమవుతుంది.

ఇప్పుడు దాని చేత మెసేజ్‌లు చదివించే యాప్. కారులో ఆండ్రాయిడ్ ఆటో ఉంటే వేరే అక్కర్లేదు. మెసేజ్ రాగానే స్క్రీన్ మీద ఒక పట్టీ వస్తుంది, తాకితే చదివి వినిపిస్తుంది, నోటితో జవాబు చెప్పమంటుంది. లేకపోతే వాయిస్ నోటిఫై లాంటి యాప్ వేసుకోండి. ఉచితం, ప్రకటనలు లేవు. వాట్సాప్, మెసేజ్‌లు తప్ప మిగతా యాప్‌లన్నీ అందులో ఆపేయండి. హెడ్‌సెట్ తగిలి ఉన్నప్పుడే చదవాలని కూడా పెట్టుకోవచ్చు. లేదంటే ఇంటికొచ్చి పదిమందిలో కూర్చున్నప్పుడు మీ మెసేజ్‌లు గట్టిగా చదివి పరువు తీస్తుంది.

ఇలాంటి యాప్‌లు నోటిఫికేషన్ యాక్సెస్ అనే అనుమతి అడుగుతాయి. అది లేకుండా చదవలేవు. కానీ ఆ అనుమతి ఇస్తే మీకొచ్చే బ్యాంకు ఓటీపీ కూడా ఆ యాప్ కళ్లబడొచ్చు. కాబట్టి ఊరూ పేరూ తెలియని యాప్‌కు ఇవ్వొద్దు. ప్లే స్టోర్ బయట నుంచి, ముఖ్యంగా వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైల్ (నొక్కితే నేరుగా యాప్ వేసే ఫైల్) నుంచి అసలు వేసుకోవద్దు. ట్రాఫిక్ చలానా పేరుతో ఏపీకే పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసాలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి.

అనుమతి ఇచ్చాక బ్యాటరీ సెట్టింగుల్లోకి పోయి ఆ యాప్‌కు నో రిస్ట్రిక్షన్స్ పెట్టండి. షావోమి, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు బ్యాటరీ మిగిల్చే పేరుతో వెనక నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి. "నిన్న చదివింది, ఈరోజు చదవట్లేదు" అనే ఫిర్యాదుకు పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే.

ఇక చిక్కు సంగతి. మనవాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. "ఎక్కడ ఉన్నావ్, అన్నం తిన్నావా" అని ఇంగ్లీషు అక్షరాల్లో వస్తే, ఫోన్ దాన్ని ఇంగ్లీషు మాట అనుకుని చదువుతుంది. మీ చెవిన పడేది ఏ దేశం భాషో తెలియదు. దాన్ని అర్థం చేసుకోవడానికి పెట్టే బుర్ర రోడ్డు మీద పెట్టాల్సిన బుర్ర. దీనికి మందు మీ ఫోన్‌లో లేదు, పంపేవాళ్ల ఫోన్‌లో ఉంది. ఇంట్లోవాళ్ల ఫోన్‌లో జీబోర్డ్ కీబోర్డ్ వేసి తెలుగు భాష కలపండి. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగు అక్షరాల్లోనే వచ్చేస్తుంది. 2017 నుంచే తెలుగుకు ఈ సదుపాయం ఉంది. టైపింగ్ రాని అమ్మ కూడా "నాయనా, టమాటాలు తెస్తావా" అని చెప్పి పంపగలదు, మీ బండిలో అది చక్కగా వినిపిస్తుంది.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పంపమంటే కాదా అని అడగొచ్చు. పంపేవాళ్లకు సుఖమే. వినేవాళ్లకే కష్టం. ఫోన్ తీసి, చాట్ తెరిచి, చిన్న బొమ్మ మీద వేలు పెట్టాలి. వాయిస్ మెసేజ్‌లు బండి ఆపాక వినండి. ఒకటి మొదలుపెడితే వరసగా ఉన్న మిగతావి వాటంతటవే వస్తాయి, వేగం ఒకటిన్నర రెట్లు పెట్టుకుంటే బావగారి పెద్ద కథ కూడా టీ తాగేలోపు అయిపోతుంది.

ఎవరు కాల్ చేస్తున్నారో పేరు చదివి చెప్పడం ఇంకో చిన్న సదుపాయం. గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగుల్లో కాలర్ ఐడీ అనౌన్స్‌మెంట్ అని ఉంటుంది. హెడ్‌సెట్ ఉన్నప్పుడే అని ఎంచుకోండి. లోన్ కావాలా అనే కాల్ కోసం చెయ్యి చాపే పని తప్పుతుంది.

జవాబు ఇవ్వకుండా జవాబు ఇవ్వడం

నోటితో జవాబులు చెప్పే యాప్‌లు బోలెడు ఉన్నా, నేను వాటిని ఆఖరి వరసలో పెడతాను. కారణం ఉంది. 2015లో అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే ఏఏఏ ఫౌండేషన్ కోసం యూటా యూనివర్సిటీ వాళ్లు చేసిన పరీక్షల్లో, కార్లు, ఫోన్లలోని వాయిస్ సిస్టమ్‌తో మాట్లాడటం అయిపోయాక కూడా మనసు పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి 27 సెకన్ల దాకా పట్టొచ్చని తేలింది. 80 వేగంలో అది ఆరు వందల మీటర్లు. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

అందుకని జవాబే అవసరం లేకుండా చేసుకోండి. దారిలో వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం "ఎంత దూరం వచ్చినావ్" రకమే. బయల్దేరే ముందు వాట్సాప్‌లో ఇంటివాళ్లకు లైవ్ లొకేషన్ పంపండి. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని అడుగుతుంది. కర్నూలు నుంచి కడప పోతున్నా, అనంతపురం నుంచి బెంగళూరు పోతున్నా 8 గంటలది పెట్టి, చేరాక ఆపేయండి. ఆళ్లగడ్డ దాటారో లేదో వాళ్లే చూసుకుంటారు.

వ్యాపారం చేసేవాళ్లు, బాడుగకు బండి తిప్పేవాళ్లు అయితే వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. ఉచితమే. అందులో "అవే మెసేజ్" (Away message, మీరు అందుబాటులో లేనప్పుడు దానంతటదే పోయే జవాబు) అని ఒకటి ఉంటుంది. "బండి నడుపుతున్నాను. అర్జెంటు అయితే రెండుసార్లు కాల్ చేయండి. లేకపోతే ఆగినప్పుడు మాట్లాడతాను" అని తెలుగులో రాసి పెట్టుకుని, బయల్దేరేటప్పుడు ఆన్ చేయండి. చీనీకాయల సీజన్‌లో అనంతపురం మార్కెట్‌కు లోడ్ ఎత్తుకుపోయే డ్రైవరుకు ఇది చాలా మేలు. జవాబు రాలేదని పార్టీ కోప్పడడు, డ్రైవరు ఫోన్ ముట్టుకోడు. ఫోన్‌లో నెట్ ఉంటేనే ఈ జవాబు పోతుంది, అది మరచిపోవద్దు.

అయినా ఎవరికో ఒకరికి కాల్ చేయక తప్పదనుకోండి. గూగుల్ అసిస్టెంట్ గానీ, దాని స్థానంలో ఇప్పుడు క్రమంగా వస్తున్న జెమినీ గానీ వాడొచ్చు. రెండింటికీ తెలుగు వచ్చు. అయితే ఇంగ్లీషులో చెప్తే చేసే పనులన్నీ తెలుగులో చెప్తే చేస్తుందన్న హామీ లేదు. రెండు భాషల్లోనూ చెప్పి చూసి, మీ మాట దేనిలో బాగా పట్టుకుంటుందో అదే ఉంచుకోండి.

ఇక్కడ మీరు చేయాల్సిన పని కాంటాక్టులు సర్దుకోవడం. కర్నూలు వైపు మద్దిలేటి పేరు ఇంటికొకటి, కడప, అనంతపురం వైపు ఓబులేసు వీధికొకటి. "కాల్ ఓబులేసు" అంటే ఫోన్ ఐదుగురు ఓబులేసులను తెర మీద వరసగా పెట్టి ఎవరో చెప్పమంటుంది. మళ్లీ చూపు తెర మీదికి. "ఓబులేసు చీనీ", "ఓబులేసు మెకానిక్", "చిన్న ఓబులేసు" అని మార్చండి. "కె.వి.ఎస్. రెడ్డి సర్ న్యూ నంబర్ 2" లాంటి పేర్లు గొంతుకు లొంగవు. "కేవీ రెడ్డి" అని కుదించండి. అందరికీ అక్కర్లేదు, దారిలో మాట్లాడే పదిమందికి చేస్తే చాలు. ఆ పేర్లను ఏ లిపిలో పెడితే ఫోన్ బాగా పట్టుకుంటుందో అది కూడా చూసుకోండి.

చట్టం మాట కూడా ఒకసారి. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణతో, నడుపుతూ చేత్తో ఫోన్ వాడటం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగే. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జరిమానా 10,000, జైలు రెండేళ్ల దాకా. 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ధ్యాస చెడకుండా దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడొచ్చు. వాట్సాప్ ఆ మినహాయింపులోకి రాదు.

ఇక వినడం సంగతి

మెసేజ్‌ల కన్నా ఇది హాయైన విషయం. ఒక్కసారి పెట్టి వదిలేస్తే గమ్యం దాకా దాన్ని ముట్టుకునే పని లేకుండా ఉండాలి. యాప్ ఎంపికంతా దీని చుట్టూనే.

డేటా గురించి బెంగ అక్కర్లేదు. 64 కేబీపీఎస్ (సెకనుకు ఎంత డేటా వస్తుందో చెప్పే కొలత) రేడియో గంటకు దాదాపు 29 ఎంబీ తింటుంది, 128 కేబీపీఎస్ పాటలు 58 ఎంబీ. రోజుకు జీబీన్నర వచ్చే రీఛార్జికి ఇది లెక్కలోది కాదు. బాధంతా సిగ్నల్‌తోనే. నంద్యాల దాటి గిద్దలూరు వైపు నల్లమలలోకి దూరినా, ఆత్మకూరు నుంచి దోర్నాల దారి పట్టినా సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. పాట సగంలో ఆగుతుంది, చెయ్యి తెలియకుండానే ఫోన్ మీదికి పోతుంది. కాబట్టి డౌన్‌లోడ్ చేసుకోనివ్వని యాప్‌ను హైవే పొడుగునా ఉండే ప్రయాణాలకే ఉంచుకోండి. అడవి దారి అయితే మ్యాప్‌ను కూడా గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. దారి చెప్పే గొంతు తెలుగులో పెట్టుకోవచ్చు.

రేడియో అలవాటు ఉన్నవాళ్లకు ప్రసార భారతి వారి న్యూస్‌ఆన్ఎయిర్ యాప్ ఉంది. ఆకాశవాణి తెలుగు కేంద్రాలు అందులో వస్తాయి. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఆకాశవాణి కేంద్రాలున్నాయి. ఊరి దగ్గర ఉన్నంతసేపు కారు రేడియోలో నేరుగా వినండి, దూరం పోయాక యాప్‌లోకి మారండి. హైవే మీద పొద్దున ప్రాంతీయ వార్తలు, తర్వాత పొలం పనుల ముచ్చట్లు వింటూ పోవడంలో ఉన్న సుఖం వేరు. మధ్యలో ఏదీ ఎంచుకోవాల్సిన పని లేదు, అదే పోతుంటుంది.

పాడ్‌కాస్ట్‌లకు, అంటే నెట్‌లో ఎపిసోడ్లుగా వచ్చే ఆడియో కార్యక్రమాలకు, నా ఓటు యాంటెన్నాపాడ్ యాప్‌కు. ఉచితం, ప్రకటనలు లేవు, ఖాతా తెరవమని అడగదు. రాత్రి ఇంట్లో వైఫై మీద కొత్త ఎపిసోడ్లు అదే దింపుకుంటుంది, పొద్దున ఒకదాని వెనక ఒకటి వినిపిస్తుంది. స్పాటిఫైలో కూడా డబ్బు కట్టకుండా పాడ్‌కాస్ట్‌లు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పాటలకు మాత్రం కట్టాలి. గూగుల్ పాడ్‌కాస్ట్స్ అని ఒకటి ఉండేది, 2024లో మూసేశారు. కథలు, నవలలు వినాలనుకుంటే దాసుభాషితం యాప్ తెలుగు ఆడియో పుస్తకాలకే పెట్టింది.

సీరియల్ కథల యాప్‌లు కూడా చాలామంది వింటున్నారు. వాటిలో కొన్ని పది నిమిషాల ఎపిసోడ్ అవగానే కాయిన్లు కట్టమనో, ప్రకటన చూడమనో తెర మీద అడ్డం పడతాయి. సరిగ్గా కథలో ఎవరో తలుపు కొట్టిన చోటే ఆగుతుంది. ఆ తలుపు ఎవరు కొట్టారో తెలుసుకోవాలన్న ఆత్రంలో చూపు రోడ్డు వదిలేస్తుంది. వాటిని ఇంట్లో మంచం మీద వినండి, బండిలో వద్దు.

యూట్యూబ్ గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే మన దగ్గర సగం మంది వినేది దానిలోనే. డబ్బు కట్టకపోతే స్క్రీన్ ఆపగానే పాట ఆగిపోతుంది, అంటే తెర వెలుగుతూ ఉండాలి. తెర వెలిగిందంటే చూపు పోతుంది. ప్రవచనమైనా సరే, మాట్లాడే ముఖం వైపు కన్ను లాగుతుంది. మీ దగ్గర ఇప్పటికే ఉన్న వీడియో ఫైళ్లు, పాత ఎంపీత్రీలు ఉంటే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోండి. వీడియోను కూడా ప్లే యాజ్ ఆడియో అని పెడితే స్క్రీన్ ఆపినా గొంతు వస్తూ ఉంటుంది. పాటల ఫోల్డర్‌ను ముందే వరస పెట్టుకుంటే కడప దాకా పాడుతూనే ఉంటుంది.

ఏం వినాలి అనేది మీ ఇష్టం, రెండు మాటలు మాత్రం చెప్తాను. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే మెల్లని పాటలు పెట్టొద్దు, నిద్ర ముంచుకొస్తుంది. ఎవరో వాదించుకునే చర్చ అయితే కళ్లు తెరిపిస్తుంది. అయినా ఆవలింతలు ఆగకపోతే అది యాప్ తీర్చే బాధ కాదు, బండి పక్కకు ఆపి కాసేపు పడుకోండి. కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు అన్నీ ఆపేయండి. ఆ మలుపుల్లో ఎదుటి లారీ హారనే వినాలి. ఘాట్ దాటాక పాలకోవా అంగళ్ల దగ్గర ఎలాగూ ఆగుతారు, ఆగిన మెసేజ్‌లన్నీ అక్కడ చూసుకోవచ్చు.

ఆగి ఉన్న బండిలో పరీక్ష

ఇదంతా పెట్టుకున్నాక నేరుగా హైవే ఎక్కకండి. ఇంటి ముందు బండి ఆపి, ఇంజిన్, ఏసీ, ఫ్యాన్ ఆన్ చేసి కూర్చోండి, ఆ చప్పుడు కూడా కావాలి. ఫోన్‌ను స్టాండ్‌లో పెట్టి, చూపు ఎదురుగా గోడ మీదే ఉంచండి. ఇంట్లోవాళ్లను ఒక తెలుగు మెసేజ్ పంపమనండి. వినబడిందా? అర్థమైందా? వాళ్లకు నోటితో కాల్ కలిపి చూడండి. స్క్రీన్ లాక్ అయి ఉన్నప్పుడు కూడా ఇవి పనిచేయాలి, లేదంటే అసిస్టెంట్ సెట్టింగుల్లో లాక్ స్క్రీన్ అనుమతి ఇవ్వాలి. మ్యాప్ గొంతు వచ్చినప్పుడు పాట తగ్గి మళ్లీ పెరుగుతుందో లేదో వినండి. వీటిలో ఏ ఒక్కదానికైనా మీ చూపు గోడ మీద నుంచి ఫోన్ మీదికి పోతే ఆ యాప్ తీసేయండి, లేదా దాని సెట్టింగ్ మార్చి ఇంకోసారి చూడండి. పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని "నేను ఫోన్ వైపు చూస్తే చెప్పండి" అంటే వాళ్లు ఒక్కటి కూడా వదలరు.

పరీక్ష అయ్యాక ఇంకో రెండు నంబర్లు కాంటాక్టుల్లో కలపండి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోయినా, ప్రమాదం జరిగినా 1033 పలుకుతుంది. ఏ అత్యవసరానికైనా 112. మొదటిదాన్ని "హైవే" అని, రెండోదాన్ని "ఎమర్జెన్సీ" అని పెట్టుకోండి. అమకతాడు టోల్‌గేట్ దాటాక రాత్రి పదకొండుకు టైరు పేలితే, నంబరు గుర్తు తెచ్చుకునే పని లేకుండా "కాల్ హైవే" అంటే చాలు.